బండి మండిపోతోందా? తప్పు ఎండది కాకపోవచ్చు!

సిగ్నల్ దగ్గర ఆగితే కాళ్ల మధ్య పొయ్యి వెలిగించినట్టు ఉంటోందా? పది కిలోమీటర్లు తిరిగేసరికి పికప్ తగ్గిపోయి, యాక్సిలరేటర్ ఎంత తిప్పినా బండి బద్ధకంగా కదులుతోందా? 'ఎండాకాలం కదా, మామూలే' అని వదిలేయకండి. కార్బరేటర్ ఉన్న పాత బండి అయితే, అసలు సంగతి ఇంజిన్‌లోకి వెళ్లే పెట్రోలు, గాలి పాళ్లలో ఉండొచ్చు. దాన్ని సరిచేసే స్క్రూ మీ చిటికెనవేలంత కూడా ఉండదు.

ఇంజినీరింగ్‌లో మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో తేలినవాళ్లలో నేనూ ఒకణ్ని. పరీక్షలయ్యాక ఐసీ ఇంజిన్స్ పుస్తకం మళ్లీ తెరిచింది నాన్న బండి కోసమే. ఆయనది 2012 మోడల్ 150 సీసీ బండి. మా ఊరి నుంచి చిలకలూరిపేటకి రోజూ దాని మీదే ప్రయాణం. "తొడలు కాలిపోతున్నాయిరా. పైగా పెట్రోలు తెగ తాగుతోంది" అన్నారు ఫోన్లో. అమ్మేసి కొత్తది తీసుకుందాం అంటే, "నీ ఫీజుల కోసం బ్యాంకుల చుట్టూ తిరిగింది దీని మీదే. అది ఉన్నన్నాళ్లు ఉండనీ" అన్నారు. ఇంక మాట్లాడేదేముంది? బండిని బతికించడమే పని.

లీటరు పెట్రోలుకి 9 వేల లీటర్ల గాలి

ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఇదే 14.7:1 నిష్పత్తి. ఈ లెక్కన లీటరు పెట్రోలు కాల్చడానికి మీ ఇంజిన్ దాదాపు 9 వేల లీటర్ల గాలి పీలుస్తుంది. గాలి పాలు ఎక్కువైతే 'లీన్', పెట్రోలు పాలు ఎక్కువైతే 'రిచ్' అంటారు.

ఇంజిన్‌కి పూర్తి బలం వచ్చేది 12.5 నుంచి 13 మధ్యలో. అంటే కాస్త రిచ్‌గా ఉన్నప్పుడు. 14, 14.7 వైపు వెళ్తున్నకొద్దీ ఇంజిన్ హెడ్ వేడెక్కుతుంది. 13 దగ్గర ఉన్న అదనపు పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు కొంత వేడిని లాక్కుంటుంది. ఆ పెట్రోలంతా కాలడానికి గాలి చాలదు కాబట్టి మంట వేడి కూడా తగ్గుతుంది. ఎయిర్ కూల్డ్ ఇంజిన్‌కి ఇది ఉచితంగా దొరికే కూలింగ్ అన్నమాట.

ఇంకా లీన్ చేస్తే మంట నెమ్మదిగా పాకుతుంది. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకునే సమయానికి కూడా లోపల కాలుతూనే ఉంటుంది. ఆ వేడంతా వాల్వ్ మీద, సైలెన్సర్ బెండ్ పైపు మీద పడుతుంది. బలం ఉండదు, వేడి మాత్రం దండిగా ఉంటుంది.

'మైలేజ్ సెట్టింగ్' వెనక కథ

షెడ్డుకి వెళ్లగానే మనం అడిగే మొదటి మాట ఏంటి? "అన్నా, మైలేజ్ వచ్చేలా సెట్ చెయ్యి." మెకానిక్ చేతిలో ఉన్న తేలిక దారి మిక్చర్ స్క్రూ. పెట్రోలు తగ్గేలా ఒక అర చుట్టు బిగిస్తాడు. మొదటి రెండు రోజులు మైలేజ్ పెరిగినట్టే అనిపిస్తుంది. తర్వాత పికప్ చాలక మనమే యాక్సిలరేటర్ ఎక్కువ తిప్పుతాం. మిగిలిందనుకున్న పెట్రోలు అలా పోతుంది, వేడి మాత్రం మిగులుతుంది.

దీనికి ఇప్పుడు ఇంకోటి తోడైంది: ఈ20 పెట్రోలు. 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలై, 2025కల్లా దేశమంతా పాకింది. ఇందులో 20 శాతం ఇథనాల్. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి గ్రాముకి 9 గ్రాముల గాలి చాలు. లెక్క కడితే ఈ20కి కావాల్సిన నిష్పత్తి 14.7 కాదు, సుమారు 13.5. పాత కార్బరేటర్‌కి ఈ సంగతి తెలీదు. అది ఎప్పటిలాగే గాలి, పెట్రోలు కలుపుతుంది. ఫలితంగా అసలు పెట్రోలుకి సెట్ చేసిన బండి, ఎవరూ ముట్టుకోకుండానే 7 శాతం దాకా లీన్ అయిపోతుంది. దాని మీద 'మైలేజ్ సెట్టింగ్' కూడా పడితే ఇంక చెప్పేదేముంది!

ఇథనాల్‌కి మంచి గుణాలూ ఉన్నాయి. ఆక్టేన్ ఎక్కువ కాబట్టి నాకింగ్ తక్కువ. కానీ లీటరుకి దాని శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. అందుకే అసలు పెట్రోలుతో పోలిస్తే 6-7 శాతం మైలేజ్ తగ్గడం సహజం. ఆ తగ్గుదలని స్క్రూ బిగించి వెనక్కి తెచ్చుకోలేం.

స్క్రూడ్రైవర్ పట్టే ముందు

వేడికి కారణం మిక్చర్ ఒక్కటే కాదు. ముందు ఇవి చూడండి:

- ఇంజిన్ ఆయిల్ లెవల్ తగ్గిందా?
- ఇంజిన్ రెక్కల మధ్య బురద గట్టిపడిందా? గాలి తగలకపోతే ఏ ట్యూనింగూ పనిచేయదు.
- బ్రేకు పట్టేస్తోందా? బండిని సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో పెట్టి వెనక చక్రం చేత్తో తిప్పితే తెలుస్తుంది.
- టాపెట్ గ్యాప్ సరిగ్గా ఉందా?
- కార్బరేటర్‌కి, ఇంజిన్‌కి మధ్య ఉండే రబ్బరు పగిలిందా? అక్కడ గాలి దూరితే మిక్చర్ లీన్ అవుతుంది. స్క్రూ ఎంత తిప్పినా లాభం ఉండదు.
- పెట్రోలు పైపు ఉబ్బిందా, గట్టిపడిందా? పాత రబ్బరుకి ఇథనాల్ పడకపోవచ్చు.

ఇవన్నీ బాగుంటే ప్లగ్ విప్పండి. ఇంజిన్ చల్లారాకే సుమా! మూతి దగ్గరి పింగాణీ బిస్కెట్ రంగులో ఉంటే మిక్చర్ బాగున్నట్టు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే లీన్. నల్లగా మసి పట్టి ఉంటే రిచ్. నాన్న బండి ప్లగ్ తెల్లగా మెరిసిపోతోంది.

ఎటు తిప్పాలి?

గందరగోళమంతా ఇక్కడే. స్క్రూ ఇంజిన్ వైపు ఉంటే అది సాధారణంగా ఫ్యూయల్ స్క్రూ. వదులు చేస్తే పెట్రోలు పెరుగుతుంది. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే ఎయిర్ స్క్రూ. వదులు చేస్తే గాలి పెరుగుతుంది, అంటే లీన్ అవుతుంది. రెండూ సరిగ్గా ఒకదానికొకటి వ్యతిరేకం. మీ బండికి ఏది ఉందో తెలుసుకోకుండా తిప్పొద్దు.

పద్ధతి ఇదీ. బండిని పది నిమిషాలు నడిపి వేడెక్కాక, ఆరుబయట పెట్టండి. మూసిన గదిలో ఇంజిన్ ఆన్‌లో ఉంచితే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. స్క్రూ ఇప్పుడు ఎక్కడుందో, పూర్తిగా బిగించడానికి ఎన్ని చుట్లు పడుతుందో లెక్కపెట్టి ఫోన్లో రాసుకోండి. చివర్లో మెల్లగా ఆపేయాలి, గట్టిగా బిగిస్తే స్క్రూ మొన పాడవుతుంది. మళ్లీ పాత చోటుకి తెచ్చి, పావు చుట్టు చొప్పున రిచ్ వైపు తిప్పండి. ప్రతిసారీ పది సెకన్లు ఆగండి. ఇంజిన్ శబ్దం ఎక్కడ హుషారుగా, నిలకడగా వినిపిస్తుందో అదే దాని చోటు. తర్వాత ఐడ్లింగ్ స్క్రూతో వేగం మామూలుకి తగ్గించండి.

మా ఊరి మెకానిక్ బాబాయ్ నన్ను చూసి నవ్వాడు. "లెక్కలెందుకు బాబూ, చెవి పెట్టి విను, చాలు" అన్నాడు. స్క్రూ సరైన చోటు దాటగానే నాకంటే ముందు కనిపెట్టిందీ ఆయన చెవే.

మెయిన్ జెట్ మోజు వద్దు

'పెద్ద మెయిన్ జెట్ వేస్తే బండి ఎగురుతుంది' అనే మాట ప్రతి షెడ్డులో వినిపిస్తుంది. కానీ కార్బరేటర్‌లో ఒక్కో దశకి ఒక్కో భాగం పనిచేస్తుంది. ఐడ్లింగ్ నుంచి యాక్సిలరేటర్ కాస్త తిప్పేదాకా పైలట్ జెట్, మిక్చర్ స్క్రూ. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్. మెయిన్ జెట్ పూర్తిగా పనిలోకి దిగేది ముప్పావు దాటాకే. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి దాకా ట్రాఫిక్‌లో మీరు ఎన్నిసార్లు ముప్పావు దాటిస్తారు?

హైవే వేగంలో వేడెక్కుతుంటే నీడిల్ చూడాలి. క్లిప్ ఉన్న నీడిల్ అయితే ఒక గాడి కిందికి మారిస్తే నీడిల్ పైకి లేచి, మిక్చర్ రిచ్ అవుతుంది. పెట్టుబడి సున్నా. నాన్న బండికి స్క్రూ అర చుట్టు, నీడిల్ ఒక గాడి. అంతే.

ఆ పొల్యూషన్ కాగితం పారేయకండి

మన దగ్గర ల్యాబ్ లేదు కానీ, పొల్యూషన్ సెంటర్ ఉంది. ఆ కాగితం మీద సీఓ శాతం, హెచ్‌సీ అంకె ఉంటాయి. సీఓ అంటే సగం కాలిన పెట్రోలు గుర్తు, రిచ్ అయ్యేకొద్దీ పెరుగుతుంది. సీఓ దాదాపు సున్నా, హెచ్‌సీ మాత్రం బాగా ఎక్కువ ఉంటే బండి లీన్ అయి మిస్‌ఫైర్ కొడుతుండొచ్చు. సైలెన్సర్‌లోకి గాలి పంపే వాల్వ్ ఉన్న బళ్లలో సీఓ తక్కువ కనిపిస్తుంది, అది గుర్తుంచుకోండి.

ట్యూనింగ్‌కి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి నాన్న బండిని చెక్ చేయించాం. సీఓ 0.3 నుంచి 1.6 శాతానికి పెరిగింది, హెచ్‌సీ సగానికి తగ్గింది. పరిమితి లోపలే ఉన్నాం. మైలేజ్ 44 నుంచి 46కి వచ్చింది. ఆ రెండు కిలోమీటర్ల కంటే నాన్నకి నచ్చింది, సైలెన్సర్ టపటపలు ఆగిపోవడం.

అలాగని రిచ్ ఎంత చేస్తే అంత మంచిదని కాదు. హద్దు దాటితే ప్లగ్‌కి మసి పడుతుంది, సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరని పెట్రోలు కడిగేస్తుంది. లంబసింగి, అరకు లాంటి ఎత్తు ప్రాంతాల్లో గాలి పలచన కాబట్టి కార్బరేటర్ బండి దానంతటదే కాస్త రిచ్ అవుతుంది. ఘాట్ ఎక్కేటప్పుడు కొంచెం బద్ధకించినా స్క్రూ జోలికి పోకండి, కిందికి దిగితే సర్దుకుంటుంది.

ఎఫ్ఐ బండి వాళ్లకి ఒక్క మాట

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక పెట్రోలు బళ్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారాయి. వాటిలో ఆక్సిజన్ సెన్సర్ పొగని చూసి, పెట్రోలుని సెకనుకి పలుమార్లు సరిదిద్దుతుంది. ఈ20 తేడాని కూడా చాలావరకు అదే సర్దుకుంటుంది. ఆ సెన్సర్‌ని మోసం చేసే చిన్న డబ్బాలు ఆన్‌లైన్లో దొరుకుతాయి. వాటితో వారంటీ చిక్కుల్లో పడొచ్చు, కన్వర్టర్ పాడవ్వొచ్చు. కంపెనీ ఇచ్చిన తీరు మారిస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కూడా ఉంది. ఎఫ్ఐ బండి వేడెక్కితే సెన్సర్లు, ఎయిర్ ఫిల్టర్, ఆయిల్ చెక్ చేయించండి, చాలు.

కార్బరేటర్ వాళ్లకి మాత్రం మా సాఫ్ట్‌వేర్ వాళ్ల సూత్రం ఒకటి చెప్తా: ఒకసారికి ఒకటే మార్చండి, మార్చింది రాసి పెట్టుకోండి, రెండు రోజులు నడిపాకే ఇంకోటి ముట్టుకోండి. ఇక ఈసారి షెడ్డుకి వెళ్లినప్పుడు "మైలేజ్ సెట్ చెయ్యి" అనకండి. "ప్లగ్ రంగు ఎలా ఉందో చూడన్నా" అనండి. బండి ఆయుష్షు పెంచే మాట అదే.