అఫేసియా నిర్ధారణ పరీక్ష - తెలుగు భాషానిర్మాణ దృష్టి

కీలక పదాలు: అఫేసియా, పక్షవాతం, అవగాహన, పునరుచ్చారణ, నామకరణం, మాండలికం.

1. ఉపోద్ఘాతం:

పక్షవాతం నుంచి తేరుకుంటున్న వ్యక్తికి దాహం వేస్తుంది. ఎదుట ఉన్నది మంచినీళ్ల చెంబని తెలుసు. కాని 'నీళ్లు' అన్న మాట నోటికి రాదు. దానికి బదులు 'పాలు' అనవచ్చు, అర్థంలేని ధ్వనేదో వెలువడవచ్చు. ఇంటివారు దీన్ని మతి తప్పడంగా పొరబడటం కద్దు. మెదడులో భాషకు ఆధారమైన భాగాలు దెబ్బతినడం వల్ల కలిగే ఈ వైకల్యాన్ని వైద్యపరిభాషలో 'అఫేసియా' అంటారు. మాట పోయినంత మాత్రాన ఆలోచన పోయినట్లు కాదు. పోయినదేది, మిగిలినదేది అని వేరుచేసి చూపడమే నిర్ధారణ పరీక్ష ప్రయోజనం. ఆ పరీక్ష తీరును, తెలుగువారి విషయంలో గమనించవలసిన అంశాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నేపథ్యం:

1861లో ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా, 'టాన్' అన్న ఒక్క ధ్వనినే పలకగలిగిన రోగి మెదడును మరణానంతరం పరిశీలించి, ఎడమ ముందుభాగంలో గాయాన్ని గుర్తించాడు. 1874లో జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికే, ధారాళంగా మాట్లాడుతూనే ఇతరుల మాటలను గ్రహించలేని రోగులను వర్ణించాడు. ఎక్కువమందిలో భాషకు ఆధారం ఎడమ అర్ధగోళమే. కుడి కాలూచేయీ చచ్చుబడినవారిలో మాట కూడా దెబ్బతినడం తరచుగా కనిపించడానికి కారణం ఇదే.

3. పరీక్షకు ముందు:

తొలిరోజుల్లో మంచం దగ్గరే క్లుప్తమైన పరిశీలన జరుగుతుంది. ఆరోగ్యం కుదుటపడ్డాక స్పీచ్ థెరపిస్టు సమగ్ర పరీక్ష చేస్తారు. రోగి చదువు, వృత్తి, ఏ చేతివాటం, ఇంట్లోనూ బయటా వాడే భాషలు అడిగి తెలుసుకుంటారు. చూపు, వినికిడి సరిచూస్తారు. కళ్లజోడు మరచి వచ్చిన రోగి బొమ్మను గుర్తించకపోతే అది భాషాలోపం కాదు. నోటి కండరాల బలహీనత వల్ల మాట ముద్దగా రావడం వేరు, అఫేసియా వేరు. మొదటి స్థితిలో ఉచ్చారణ చెడినా పదాల ఎంపిక, వాక్యనిర్మాణం సాధారణంగా చెక్కుచెదరవు.

4. పరీక్షాంశాలు:

ఆండ్రూ కెర్టెజ్ 1982లో ప్రచురించిన వెస్టర్న్ అఫేసియా బ్యాటరీ ప్రసిద్ధమైన పరీక్ష. దీనికి తెలుగు అనుసరణ కూడా ఉంది. ఇందులో ప్రధానాంశాలు నాలుగు.

4.1 సహజ సంభాషణ: పేరు, ఊరు, అనారోగ్యం గురించి అడుగుతారు. ఒక బొమ్మను చూపి వర్ణించమంటారు.

4.2 అవగాహన: అవును, కాదు అని చెప్పదగిన ప్రశ్నలు అడుగుతారు. వస్తువులను చూపించమంటారు. చిన్న ఆజ్ఞలతో మొదలుపెట్టి రెండు మూడు పనులు కలిసిన ఆజ్ఞలిస్తారు. రోగి సైగలను బట్టి ఊహించే అవకాశం ఉన్నందున పరీక్షకులు సైగలు చేయరు.

4.3 పునరుచ్చారణ: విన్న పదాన్ని, తర్వాత వాక్యాన్ని తిరిగి చెప్పాలి.

4.4 నామకరణం: చూపిన వస్తువు పేరు చెప్పాలి. తట్టకపోతే తొలి ధ్వనిని అందిస్తారు. 'దు' అనగానే 'దువ్వెన' అనగలిగితే, పదం చెరిగిపోలేదని, దాన్ని వెలికితీసే దారిలోనే అడ్డంకి ఉందని ఊహించవచ్చు. ఒక నిమిషంలో జంతువుల పేర్లు చెప్పమనడం కూడా ఇందులో భాగమే.

ఈ నాలుగింటి ఫలితాన్ని 100కు లెక్కిస్తారు. ఆంగ్ల మూలంలో 93.8 కంటే తక్కువ వస్తే అఫేసియాగా పరిగణిస్తారు. అయితే మొత్తం అంకె కన్నా నాలుగింటి మధ్య తేడాలే రకాన్ని తెలుపుతాయి. మాట తడబడుతూ అవగాహన కొంతమేర నిలిస్తే బ్రోకా రకం. ధారాళత ఉండి అవగాహన, పునరుచ్చారణ రెండూ లోపిస్తే వెర్నికే రకం. చదవడం, రాయడం విడిగా పరీక్షిస్తారు.

5. తెలుగు ప్రత్యేకతలు:

ఆంగ్లంలో ప్రత్యయం జారిపోయినా క్రియ ఒక పదంగా నిలుస్తుంది. తెలుగులో 'వచ్చాడు' నుంచి 'ఆడు' తొలగిస్తే మిగిలేది పదం కాదు. కాబట్టి లోపం 'వాడు వచ్చింది' వంటి ప్రత్యయాల తారుమారుగా బయటపడే అవకాశముంది. కర్తను వదిలి 'వచ్చాడు' అనడం మాత్రం సహజమైన తెలుగే. అలాగే 'వచ్చిండు', 'వచ్చినాడు' దోషాలు కావు, మాండలిక రూపాలు. సొరకాయను 'ఆనపకాయ' అన్నా సరైన సమాధానమే. చదువురాని వ్యక్తి రాయలేకపోవడం రోగలక్షణం కాదు. తెలుగుతోపాటు ఉర్దూ, తమిళం వంటి మరో భాష వాడేవారిని రెండింటిలోనూ పరీక్షించాలి. రెండు భాషలూ సమానంగా దెబ్బతినాలని గాని, సమానంగా కోలుకోవాలని గాని లేదు. రోగి ఇంటిభాషను పట్టించుకోని పరీక్ష లేని లోపాన్ని అంటగట్టవచ్చు, ఉన్నదాన్ని దాటవేయవచ్చు.

6. ముగింపు:

ఇది గెలుపోటముల పరీక్ష కాదు. చికిత్సను ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే ఆధారం. కొన్ని నెలల తర్వాత మళ్లీ పరీక్షిస్తే మెరుగుదల తెలుస్తుంది. రోగి అలసిపోతే పరీక్షను వేర్వేరు రోజుల్లో కొనసాగించవచ్చు. పరీక్ష సమయంలో కుటుంబసభ్యులు రోగి తరఫున జవాబు చెప్పరాదు, పక్కనుంచి మాట అందించరాదు. పరీక్ష ముగిశాక మాత్రం ఏ విధంగా మాట్లాడితే రోగికి అర్థమవుతోందో అడిగి తెలుసుకోవాలి. 'నీళ్లు' అనలేని మనిషి చెంబును చూపగలడని తెలిసిన ఇంట్లో అతని దాహం తీరుతుంది.