ఆ యూట్యూబర్ మీకు బాగా తెలుసు.. మరి మీరు ఆయనకు తెలుసా? ఏంటీ ‘పారాసోషల్’ బంధం?

రోజూ చూసే వ్లాగర్ రెండు రోజులు వీడియో పెట్టకపోతే ఏమైందోనని కంగారు పడుతున్నారా? ‘కార్తీక దీపం’లో వంటలక్క ఏడిస్తే మన ఇంటి ఆడపిల్లే ఏడ్చినట్టు అనిపించిందా? అభిమాన హీరోను ఎవరైనా ఒక్క మాటంటే సొంత అన్నను అన్నంత కోపం వస్తోందా? మీకేదో అయిపోయిందని అనుకోవద్దు. దీన్నే పారాసోషల్ బంధం అంటారు. అంటే ఒకవైపు నుంచే నడిచే బంధం. కేంబ్రిడ్జ్ డిక్షనరీ 2025కి ‘వర్డ్ ఆఫ్ ది ఇయర్’గా ఎంపిక చేసిన పదం కూడా ఇదే.

పేరు పెట్టి 70 ఏళ్లు

1956లోనే అమెరికా పరిశోధకులు డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ దీని గురించి రాశారు. టీవీ హోస్ట్ నేరుగా కెమెరాలోకి చూస్తూ స్నేహితుడిలా మాట్లాడతాడు. క్రమం తప్పకుండా వస్తాడు. దాంతో ఇంట్లో కూర్చున్నవాళ్లకు తెలిసిన మనిషే అనిపిస్తాడని వివరించారు. ‘హాయ్ ఫ్రెండ్స్’ అంటూ మొదలయ్యే వ్లాగ్ చేసేదీ అదే. కాకపోతే అప్పటి టీవీ హాల్లో ఉండేది.. ఇప్పుడు ఫోన్ దిండు పక్కనే ఉంటోంది.

ఒంటరితనంతో లింకేంటి?

ఏకాంతం వేరు, ఒంటరితనం వేరు. ఏకాంతం మనం కోరుకునేది. ఒంటరితనం మనకొచ్చి పడేది. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని, ఏటా దాదాపు 8.71 లక్షల మరణాలకు దీనితో సంబంధం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో చెప్పింది.

పిల్లలు అమెరికాలో ఉంటే ఇంట్లో ఇద్దరే మిగిలిన తల్లిదండ్రులకు, హాస్టల్ గదిలో కొత్తగా చేరిన కుర్రాడికి తెలిసిన గొంతు వినిపిస్తే చాలు, కాస్త ధైర్యం. ఇది తప్పేం కాదు. ఇష్టమైన టీవీ షోను తలచుకున్నా ఒంటరి ఫీలింగ్ తగ్గుతుందని 2009లో అమెరికాలో వచ్చిన ఓ అధ్యయనం తేల్చింది.

బ్రాండ్‌తో కూడా బంధమా?

అవును. 1985 ఏప్రిల్‌లో కోకాకోలా తన పాత రుచిని మార్చింది. జనం ఊరుకోలేదు. కంపెనీకి రోజుకు 1,500 వరకు ఫోన్లు వచ్చాయి. చివరికి 79 రోజులకే పాత రుచిని వెనక్కి తేవాల్సి వచ్చింది. కూల్‌డ్రింక్‌తో ముడిపడిన జ్ఞాపకాలు పోతున్నాయన్నదే వాళ్ల బాధ.

కంపెనీలకు ఈ బంధం విలువ బాగా తెలుసు. అందుకే ‘మన ఫ్యామిలీ’ అని పిలుస్తాయి, మనం నమ్మే వ్లాగర్‌తో చెప్పిస్తాయి. ‘అక్క చెప్పింది కదా’ అని మనం కొనేస్తాం. డబ్బు తీసుకుని చేసే ప్రమోషన్ అయితే ఆ మాట స్పష్టంగా చెప్పాలని కేంద్రం 2023 జనవరిలో గైడ్‌లైన్స్ ఇచ్చింది. కొనేముందు ఆ లేబుల్ ఉందేమో చూడండి.

ఎప్పుడు జాగ్రత్త పడాలి?

* వీడియోల కోసం ఇంట్లోవాళ్లతో మాటలు, ఫ్రెండ్స్‌ను కలవడం తగ్గిపోతుంటే
* సెలబ్రిటీ మీద వచ్చిన కామెంట్‌కు నిద్ర పట్టనంత కోపం వస్తుంటే
* అప్పు చేసి మరీ గిఫ్టులు పంపుతుంటే, బ్రాండ్ వస్తువులు కొంటుంటే
* సెలబ్రిటీ పేరుతో ఎవరైనా మెసేజ్ చేసి డబ్బు అడిగితే.. అది ఫేక్ అకౌంట్ అనే అనుకోండి

మరి ఏం చేయాలి?

చూడటం మానేయక్కర్లేదు. ఒక్కరే కాకుండా అమ్మతోనో, పక్కింటి వాళ్లతోనో కలిసి చూడండి. నచ్చిన సీన్ గురించి ఒక ఫ్రెండ్‌కు ఫోన్ చేసి మాట్లాడండి. అప్పుడు స్క్రీన్ మీది ఇష్టమే మనుషులను కలుపుతుంది. ఒంటరితనం మరీ బాధిస్తుంటే ప్రభుత్వ ‘టెలీ మానస్’ నంబర్ 14416కు ఫోన్ చేయొచ్చు. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు.

స్క్రీన్ మీది మనిషి మనల్ని నవ్వించగలడు. కానీ నాలుగు రోజులుగా మన ఇంటి తలుపు తెరుచుకోలేదని గమనించేది పక్కింటి వాళ్లే. ఆ పరిచయాన్ని మాత్రం వదులుకోవద్దు.