వార్తల్లో పదం: హార్మోన్ ప్రైమింగ్

విత్తే ముందు గింజను మొక్కల హార్మోన్ కలిపిన పలుచని ద్రావణంలో నానబెట్టి, తిరిగి ఆరబెట్టడమే హార్మోన్ ప్రైమింగ్.

చౌడు నేలలో తేమ ఉన్నా, ఉప్పు వల్ల గింజ దాన్ని సరిగా పీల్చుకోలేదు. మొలకను ఆపే అబ్సిసిక్ ఆమ్లం పెరుగుతుంది, మొలకెత్తించే జిబ్బరెల్లిన్ తగ్గుతుంది. బయటినుంచి జిబ్బరెల్లిన్ అందితే గింజలోని పిండి చక్కెరగా మారి మొలకకు బలమిస్తుంది. జిబ్బరెల్లిన్ ఆచూకీ వరిలోనే దొరికింది. పైరు సన్నగా సాగిపోయే తెగులుకు శిలీంధ్రం వదిలే పదార్థమే కారణమని 1926లో జపాన్ శాస్త్రవేత్త కురొసావా తేల్చారు.

నాగార్జున సాగర్ కుడి కాలువ పారే పల్నాడులోనూ మురుగు నిలిచిన చోట చౌడు తేలే ముప్పుంది. అక్కడి మాచవరం రైతులారా, ముందు మట్టి పరీక్ష చేయించండి. హార్మోన్ మొలకను ఆదుకుంటుందే గాని నేలను బాగుచేయదు. ఉప్పు కడిగి, మురుగునీటిని బయటికి పంపడమే అసలు వైద్యం.