స్క్రూజిని మార్చినవారు

పోయిన క్రిస్మసునకు మా తరగతి బాలురు చార్లెస్ డికెన్సు వ్రాసిన "క్రిస్మసు కేరల్" కథను నాటకముగా ప్రదర్శించిరి. కాలము చాలదని మేమొక ఘట్టమును తీసివేసితిమి. దానితో తన వేషమును గోల్పోయిన చిన్నవాడొకడు, "అయ్యవారూ, మేము లేకపోయినను కథ నడచునాండీ?" అని యడిగెను. "నడచును" అంటిమి. ఆ యుత్తరము సరియైనదా యని విచారించుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ఈ కథ 1843వ సంవత్సరము డిసెంబరు 19వ తేదీన లండనులో వెలువడెను. మొదట అచ్చయిన 6,000 ప్రతులును క్రిస్మసునాటికే చెల్లిపోయెను. కథానాయకుడు స్క్రూజి యను వర్తకుడు. బీదలకొరకు చందా యడుగ వచ్చినవారితో నతడు, చెరసాలలును దరిద్రశాలలును లేవా యనును; అచటికి పోనొల్లక చచ్చువారు చచ్చినచో అదనపు జనసంఖ్య తగ్గుననును. దరిద్రశాల లనగా 1834వ సంవత్సరపు చట్టముచే ఇంగ్లండులో వ్యాపించిన గృహములు. అందు చేరిన కుటుంబములలో భర్తను, భార్యను, బిడ్డలను వేర్వేరుగా నుంచుచుండిరి. కాబట్టి స్క్రూజి కేవలము పిసినిగొట్టు కాడు. ఆనాటి పెద్దమనుష్యులనేకులు నమ్మిన సిద్ధాంతమును బాహాటముగా పలికినవాడు.

ఆ సిద్ధాంతమునకు జవాబు కథలోనే యున్నది. స్క్రూజికి కనబడిన రెండవ ఆత్మ తన వస్త్రపు మడతలలోనుండి ఇద్దరు బక్కచిక్కిన బిడ్డలను బయల్పరచును. బాలుని పేరు అజ్ఞానము. బాలిక పేరు లేమి. వీరికి దిక్కు లేదా యని స్క్రూజి యడుగగా, ఆత్మ అతని మాటలనే అతనికి తిరిగి యప్పగించును. ఆ సంవత్సరముననే డికెన్సు లండనులో నిరుపేద బాలుర పాఠశాల నొకదానిని కన్నులార చూచియుండెను.

తరువాత ఈ కథ యెందరి చేతులలోనో పడెను. 1844 ఫిబ్రవరి 5వ తేదీన అడెల్ఫీ నాటకశాలలో ప్రదర్శింపబడెను. 1853 మొదలుకొని డికెన్సే సభలలో దీనిని చదువుచు, తానే కుదించుకొనెను. 1901లో వచ్చిన మూగ చిత్రములో మూడు ఆత్మల పనిని మార్లే దయ్య మొక్కటియే నెరవేర్చెను. కుదించుట దోషము కాదు. ఏమి విడిచితిమన్నదే ప్రశ్న.

1938లో అమెరికాలో తీసిన చిత్రమున ఆ ఇద్దరు బిడ్డలు లేరు. అందలి స్క్రూజి త్వరగా మెత్తబడు ముసలివాడు. 1951లో అలస్టెయిర్ సిమ్ నటించిన చిత్రము బిడ్డలను చూపినను, క్రొత్త సంగతి నొకటి చేర్చెను: స్క్రూజి చెల్లెలు ప్రసవించి అతని కనులయెదుటనే మరణించును. అతని కాఠిన్యమునకు దుఃఖము కారణమాయెను. చూచువారికి జాలి కలుగును. కాని గాయపడినవాని నోదార్చిన చాలునని తోచి, వాని సిద్ధాంతము మాట మరచిపోదురు. 1947లో కార్ల్ బార్క్సు అను చిత్రకారుడు స్క్రూజి పేరనే ధనికుడగు బాతు నొకదానిని సృష్టించెను. 1983లో ఆ బాతే బొమ్మల చిత్రమున స్క్రూజి వేషము ధరించెను. పిల్లలు నవ్విరి, భయపడినవారు లేరు. ఇంగ్లీషు భాషలో నేడు "స్క్రూజి" యనగా పిసినారి యని యర్థము. పశ్చాత్తాపపడి మారినవాని పేరు మారనివానికి గుర్తుగా నిలిచినది!

ఇతరులను తప్పుపట్టుటకు మాకు నోరు లేదు. మేము తీసివేసినదియు ఆ బిడ్డల ఘట్టమే. వారికి కథలో ఒక్క మాటయు లేదు. అందుచేతనే వారిని తొలగించుట సులభమని తలంచితిమి. ఆ ఇద్దరిలో బాలుని విషయమై మరింత జాగ్రత్త పడుమని ఆత్మ హెచ్చరించును. ఆ బాలుని పేరు అజ్ఞానము. పాఠశాల వేదికమీదనుండి వానినే వెలుపలికి పంపితిమి!

నాయనా, కథ నడచును గాని, మీరు లేనిచో స్క్రూజి మారవలసిన కారణము కనబడదు. రాబోవు క్రిస్మసునకు నీ వేషము నీకే యుంచెదము.