దీర్ఘకాలిక వ్రణాల చికిత్స: జీవజన్య జెల్‌ల పాత్ర

1. ఉపోద్ఘాతం:

తెలుగులో ‘ఆరు’ అనే క్రియకు తడి పోవడం, గాయం మానడం అనే అర్థాలు రెండూ ఉన్నాయి. మానని గాయాన్ని ‘పచ్చిపుండు’ అంటారు. పుండు ఎండితేనే మానుతుందన్న లోకానుభవం ఈ పలుకుబడుల్లో స్థిరపడింది. అయితే 1962లో జార్జ్ వింటర్ పందులపై చేసిన ప్రయోగాలు దీనికి భిన్నమైన ఫలితాన్ని ఇచ్చాయి. గాలికి ఎండిన గాయం కంటే, పొర కప్పి తేమగా ఉంచిన గాయంపై పైచర్మం సుమారు రెట్టింపు వేగంతో ఏర్పడింది. జీవజన్య జెల్‌ల చికిత్సకు ఈ భావనే పునాది.

2. వ్రణం మానకపోవడానికి కారణం:

గాయం మానడంలో రక్తం గడ్డకట్టడం, వాపు, కొత్త కణజాలం ఏర్పడటం, అది గట్టిపడటం అనే నాలుగు దశలను గుర్తించారు. మధుమేహ రోగుల పాదవ్రణాల వంటివి తరచుగా వాపు దశలోనే నిలిచిపోతాయి. అక్కడ మితిమీరిన ప్రొటియేజ్ ఎంజైములు కొత్తగా ఏర్పడిన కొల్లాజెన్‌నూ, కణాల పెరుగుదలను ప్రేరేపించే వృద్ధికారకాలనూ విచ్ఛిన్నం చేస్తాయి. కట్టిన గోడ కట్టినట్టే కూలిపోతుంది.

3. జెల్‌ల పనితీరు:

జెల్ అంటే నీటిని పట్టి ఉంచే అణువుల వల. వాటిలో ముఖ్యమైనవి ఇవి:

కొల్లాజెన్: పశువుల చర్మం నుండి లభిస్తుంది. ఎంజైములు దీనిపై పనిచేయడం వల్ల రోగి సొంత కణజాలంపై వాటి దాడి తగ్గుతుంది.

ఆల్జినేట్: గోధుమవర్ణపు సముద్రపు నాచు నుండి తీస్తారు. దీనిలోని కాల్షియం స్థానంలో వ్రణద్రవంలోని సోడియం చేరగా, ద్రవాన్ని పీల్చుకొని జెల్‌గా మారుతుంది.

కైటోసాన్: రొయ్యలు, పీతల పెంకుల నుండి తయారవుతుంది. రక్తస్రావాన్ని అరికట్టే గుణం కలది. రొయ్యల సాగులో అగ్రస్థానంలో ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో దీని ముడిపదార్థం వ్యర్థంగా మిగులుతోంది.

ప్లేట్‌లెట్ జెల్: రోగి రక్తం నుండే వేరుచేస్తారు. వృద్ధికారకాలను నేరుగా వ్రణానికి అందిస్తుంది.

4. పరిమితులు:

జెల్ ఒక్కటే వ్రణాన్ని మాన్పలేదు. మృతకణజాలాన్ని తొలగించడం, ఇన్ఫెక్షన్‌ను, రక్తంలోని చక్కెరను అదుపు చేయడం, పాదంపై భారం తగ్గించడం తప్పనిసరి. నరాలు దెబ్బతిన్న రోగికి నొప్పి తెలియదు, పుండుమీదనే నడుస్తాడు. తేమ ఎక్కువైతే చుట్టూ ఉన్న చర్మం నాని చెడుతుంది. రక్తప్రసరణ లేక నల్లబడి ఎండిన కాలివేలిని తడపడం ప్రమాదకరం. రక్తప్రసరణను పునరుద్ధరించేవరకు దానిని పొడిగానే ఉంచాలి.

5. ముగింపు:

‘ఆరడం’ అన్న మాటలోని అనుభవం పూర్తిగా అసత్యం కాదు. అన్ని పుండ్లకూ వర్తించేదీ కాదు. ఏ వ్రణానికి తేమ అవసరమో, దేనికి పొడిదనం అవసరమో రక్తప్రసరణను పరీక్షించి నిర్ణయించాలి. జెల్ ఎంపిక ఆ తరువాతి అంశం. ఈ క్రమం తప్పితే కోల్పోయేది కాలు కావచ్చు.