పదుగురికి చేరు మాట

పూర్వము ఊరిలో దండోరా వేయువాడు వీథి మొగదలను నిలిచి, డప్పు గొట్టి, చెప్పవలసిన దానిని ప్రతి వీథియందును ఒకే తీరున చెప్పుచుండెడివాడు. వినినవాడు ఇంటికి పోయి వినని వానికి చెప్పెడివాడు. నేడు ఆ పని చాలవఱకు చేతిఫోనుకు సంక్రమించినది. సహకార సంఘములు, దేవస్థానములు, పాఠశాలలు తమ ప్రకటనలను వెబ్‌సైటులలో నుంచుచున్నవి. అయితే ఆ పుటల కడకు తమంతట వచ్చి చదువువారు బహు కొద్దిమంది. చూచిన యొకడు వాట్సాపులోనో, ఫేస్‌బుక్కులోనో తనవారికి పంపినప్పుడే ఆ మాట ఊరంతయు తిరుగును. అట్లు పంపుటకు అనువుగా పుటను వ్రాయుట యెట్లు అను విషయమును మీతో ముచ్చటింపదలచితిని. మీ మనుమలెవరైనను సంఘము పుటను నడుపుచున్నచో వారికి చెప్పదగిన సంగతులు ఇందు కొన్ని గలవు.

మనము పంపునది పుట కాదు, దాని చిరునామా మాత్రమే. దానినే లింకు అందురు. అది అవతలివాని ఫోనునకు చేరినపుడు ఒక చిన్న పెట్టెగా కనబడును. అందొక బొమ్మ, ఒక శీర్షిక, ఒకటి రెండు పంక్తులు ఉండును. ఆ పెట్టెను మాత్రమే చూచి లోపలి పుటను తెఱవకయే ముందునకు పంపువారు పెక్కుమంది గలరు. పెట్టెలోనికి ఏమి రావలెనో పుటను కట్టినవాడే నిర్ణయింపవచ్చును. పుట తలభాగమున, చదువరి కంటబడని చోట, శీర్షిక యిది, బొమ్మ యిది, వివరణ మిది అని వ్రాసియుంచు పద్ధతిని ఫేస్‌బుక్కు వారు 2010వ సంవత్సరమున ఏర్పఱచిరి. దానికి ఓపెన్ గ్రాఫ్ అని పేరు. బొమ్మ 1200 చుక్కల వెడల్పును 630 చుక్కల యెత్తును గలదై యుండుట మేలని వారే తెలిపిరి. ఇవి వ్రాయనిచో యంత్రము పుటలో దొరికిన యేదో యొక బొమ్మను లాగుకొనిపోవును. లేదా వట్టి చిరునామా మిగులును. వట్టి చిరునామాను నొక్కుటకు బుద్ధిమంతుడు జంకును. జంకుటయే మంచిది.

మనుష్యుడు ఒక మాటను ఇతరునకు ఏల పంపును? అమెరికాలో ఇద్దఱు పండితులు న్యూయార్క్ టైమ్స్ పత్రికలోని సుమారు 7,000 వ్యాసములను పరిశీలించి 2012లో తమ ఫలితములను ప్రకటించిరి. ఆశ్చర్యమును, కోపమును, భయమును రేపు వ్యాసములను జనులు విరివిగా పంపిరి. దుఃఖము కలిగించువానిని తక్కువగా పంపిరి. నిత్యజీవితమున నుపయోగపడునవియు బాగుగనే తిరిగినవి. 2018లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ వారు ట్విట్టరులో 2006 మొదలు 2017 వఱకు తిరిగిన సుమారు 1,26,000 వార్తలను పరీక్షించి, సత్యమైన వార్తకంటె అసత్యమును జనులు ముందునకు పంపుటకు 70 శాతము హెచ్చు అవకాశము గలదని తేల్చిరి. అసత్యమునకు క్రొత్తదనము మెండు. సత్యము తఱచుగా చప్పగా నుండును. ఈ కిటుకు తెలిసినవారు "పదిమందికి పంపుడు, పంపనిచో కీడు కలుగును" అని వ్రాయుదురు. వెనుకటి కాలమున దేవుని పేర వచ్చుచుండిన పోస్టుకార్డులు మీకు జ్ఞప్తియందుండును. అవియే వేషము మార్చి వచ్చినవి. సంఘము పేర వ్రాయువారు ఈ త్రోవ త్రొక్కరాదని నా అభిప్రాయము. ఉపయోగము, స్పష్టత యను రెండే వారికి తగినవి.

పంపిన మాటకు మఱియొక గుణము గలదు. అది మాతృకనుండి విడిపోవును. కరాచీ నగరమున పిల్లల క్షేమము గోరి ఒక చిన్న చలనచిత్రమును తీసిరి. అందు మోటారుసైకిలుపై ఇద్దఱు వచ్చి వీథిలో నున్న బాలునొకని నెత్తుకొని పోవుదురు. వెంటనే తిరిగివచ్చి వానిని దింపి, పిల్లలు జాగ్రత్తయని తెలుపు పలకను చూపుదురు. మన దేశమున తిరిగిన ప్రతిలో ఆ చివరిభాగము కోసివేయబడినది. మిగిలినది పిల్లల నెత్తుకొనిపోవు దొంగల చిత్రముగా ఫోనునుండి ఫోనునకు ప్రాకినది. అట్టి వదంతులకు వెఱచిన జనులు 2018లో పలు రాష్ట్రములయందు నిరపరాధులను కొట్టి చంపిరి. జూలై 1వ తేదీన మహారాష్ట్రములోని ధూలే జిల్లా రాయిన్‌పాడాలో అట్లు ఐదుగురు మరణించిరి. ఆ యేడే వాట్సాపు వారు మన దేశమున ఒక మాటను ఒకమాఱు ఐదు చోట్లకు మించి పంపరాదని కట్టడి చేసిరి. జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి గారు పోలీసులను గ్రామములకు పంపి, డప్పులవారిచేతను పాటగాండ్రచేతను వదంతులను నమ్మవలదని చెప్పించిరి.

కావున ముఖ్యమైన సంగతిని చివఱ నుంచరాదు. చివఱిది ముందుగా తెగిపోవును. పశువులకు గాలికుంటు టీకాలు వేయుదురనుకొందము. "ముఖ్య గమనిక" అని శీర్షిక పెట్టినచో పెట్టెలో ఆ రెండు మాటలే కనబడును. వానివలన ఎవరికిని ఏమియు తెలియదు. "బుధవారము గాలికుంటు టీకాలు" అనుట కొంత మేలు. కాని ఆ మాట మూడు వారములు తిరిగిన పిమ్మట ఏ బుధవారము? రైతు పనులు మానుకొని ఎద్దులను తోలుకొని పోయి ఉత్త చేతులతో మఱలవలసివచ్చును. తేదీ, నెల, సంవత్సరము, గంట, ఊరు, మండలము, జిల్లా, చెప్పుచున్న సంఘము పేరు మొదటి రెండు పంక్తులలోనే యుండవలెను. మండలము పేరెందుకు అందురేమో! కొత్తపల్లి యను ఊళ్లు తెలుగునాట ఎన్ని లేవు?

ప్రకటనను కాగితముపై వ్రాసి, ఫొటో తీసి పంపుట మన యలవాటు. వాట్సాపు ఫొటోను కుదించును గనుక సన్నని యక్షరములు అలుకుకొనిపోవును. ప్రపంచ లిపులకెల్ల ఉమ్మడియైన యూనికోడ్ పద్ధతిలో 1991నాటికే తెలుగు చేరినది. ఆ యక్షరములతో వ్రాసిన మాటను ఎవరైనను వెదకి పట్టుకొనవచ్చును, చూపు మందగించిన వారికి ఫోను చదివి వినిపింపగలదు. అయితే చిరునామాను మాత్రము పొట్టిగా ఆంగ్లాక్షరములలో నుంచుట మేలు. తెలుగు చిరునామాను పంపునపుడు ఒక్కొక్క గుర్తు తొమ్మిదేసి గుర్తులుగా మాఱుట కలదు. "రైతు" అను మాటలో రకారము, ఐత్వము, తకారము, కొమ్ము అని నాలుగే గుర్తులు. అవి 36 గుర్తుల గొలుసగును. దానిని చూచినవాడు ఏదో మోసమని తుడిచివేయును.

టీకాల దినము మాఱినచో పాత పుటను తీసివేయక, అదే చిరునామాయందు మొదటి పంక్తిలోనే మాఱిన తేదీని వ్రాయవలెను. చేతులు మాఱిన మాటను వెనుకకు రప్పించుట మన వశము గాదు. పంపిన పెట్టెలో పాత తేదీ అట్లే నిలిచియున్నను, నొక్కి చూచిన రైతునకు క్రొత్త తేదీ కనబడును.