పువ్వు లేని సంపెంగ

గుడుపల్లె స్టేషన్‌లో దిగేసరికి ఇంకా తెల్లవారలేదు. మెత్తని పూల వాసనతో, ‘క్లీన్’ అనే మాటతో వస్తున్న కొత్త సెంట్ల మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు సంపాదకులు. గడువు గురువారం రాత్రి. సీసాలు సర్దిన దుకాణంలో మొదలుపెట్టడం ఇష్టంలేక, పూలు కోసే చోటికి వచ్చాను.

ఇక్కడ, కుప్పం చుట్టుపక్కల చామంతి, బంతి, గులాబీ, కనకాంబరం పండుతాయి. నా మనసు మాత్రం చిన్నప్పటినుంచీ నేలసంపెంగ మీదే. కొందరికి అది లిల్లీ, కన్నడం కలిసిన నోట సుగంధరాజ. మల్లెలా మీదికి రాదు, దూరంగా నిలబడి పలకరిస్తుంది. ఎండెక్కకముందే మొగ్గలు గిల్లాలి. చీకటి పడ్డాకే దాని అసలు వాసన. తెంపిన తరవాత కూడా ఆ పువ్వు గంటలకొద్దీ పరిమళాన్ని పుట్టిస్తూనే ఉంటుంది. గులాబీకి ఆ ఓపిక లేదు.

చరిత్ర రెండు ముక్కల్లో: ఈ మొక్క పుట్టిల్లు మెక్సికో. ఫ్రాన్స్‌లోని గ్రాస్ పట్టణంలో గాజు పలకలకు కొవ్వు పూసి, మీద పూలు పరిచి, వాడినవి ఏరి కొత్తవి వేస్తూ వేడి తగలకుండా వాసన పట్టేవారు. తరవాత హెక్సేన్ వంటి ద్రావకాలు వచ్చాయి. మన కనౌజ్‌లో డేగ్ అనే రాగి పాత్రలో పూలు ఉడికించి ఆ ఆవిరిని గంధపు నూనెలోకి దింపుతారు.

నన్ను ఆపేసింది ఇవేవీ కావు, పేరు. ఇంత దూరం నుంచి వచ్చిన దుంపకు మనవాళ్లు సంపెంగ పేరెందుకు పెట్టుకున్నారు? ఆ సంపెంగను వెతుకుతూ పోతే ఆరో శతాబ్దపు ఉజ్జయినిలో, వరాహమిహిరుడి బృహత్సంహిత దగ్గర తేలాను. జ్యోతిషానికి పేరుపడ్డ ఆ పుస్తకంలో ‘గంధయుక్తి’ అని ఒక అధ్యాయం ఉంది. అది నెరిసిన జుట్టుతో మొదలవుతుంది. తల నెరిసినవాడికి దండా, గంధమూ, బట్టా, నగా ఏదీ శోభించదంటాడు, ముందు జుట్టుకు రంగు చెబుతాడు. ఎంత దగ్గరి మనిషి!

ఆ తరవాత కొద్దిలోనే సంపెంగ నూనె. మంజిష్ఠ, వ్యాఘ్రనఖం, శుక్తి, దాల్చినచెక్క, చెంగల్వకోష్టు వంటివి పొడిచేసి, నూనెలో కలిపి ఎండలో పెట్టమంటాడు. జాబితా మూడుసార్లు చదివాను. అందులో సంపెంగ పువ్వు లేదు! వేళ్లూ బెరళ్లూ వగైరా కలిసి, ఎండ పుణ్యమా అని, పువ్వు వాసన తెస్తున్నాయి. ఇంకొంచెం ముందుకెళ్తే ఆకుపత్రి, శిలారసం, కురువేరు, తగరం సమపాళ్లలో కలిపిన మిశ్రమం. దానికి కోష్టు చేరిస్తే కలువ, చందనం చేరిస్తే సంపెంగ. మరోచోట పదహారు దినుసుల్లోంచి నాలుగేసి ఎంచుకుంటే ఎన్ని కలయికలో లెక్కగట్టి 1,820 అని రాశాడు. కాగితం మీద నేనూ వేసి చూశాను, సరిగ్గా అంతే.

పూలనుంచి రాని పూల వాసన మోసమని నమ్మి బయల్దేరినదాన్ని. ఆ నమ్మకం అక్కడ సడలింది. వరాహమిహిరుడు ఏమి కలిపాడో దినుసు దినుసుగా చెప్పాడు, పాళ్లూ చెప్పాడు. ఇవాళ సెంటు పెట్టె వెనక చాలాసార్లు ‘పర్ఫ్యూమ్’ అని ఒక్క మాట. దాని కింద పదుల కొద్దీ పదార్థాలు దాక్కోవచ్చు. నా దృష్టిలో సెంటు శుభ్రత అక్కడే తేలుతుంది. వాసన ఎంత మెత్తనైనా, లోపల ఏముందో చెప్పని సీసాను శుభ్రమైనదని నేను అనలేను. ప్రకృతి సిద్ధమన్నది చాలదు. నేలసంపెంగ సారంలోనే ఉండే బెంజైల్ బెంజోయేట్, యూజినాల్ కొందరి ఒంటికి పడవు. వాటి పేర్లూ పెట్టె మీద ఉండాలి.

మిగిలిన ముచ్చట్లు

టన్ను నేలసంపెంగ పూలకు దక్కే మైనపు ముద్ద, వ్యాపారుల మాటలో కాంక్రీట్, సుమారు కిలో. దాన్ని ఆల్కహాల్‌తో శుద్ధిచేస్తే మిగిలే అసలు సారం అందులో దాదాపు అయిదో వంతు. బిసానత్తం, చిగరగుంట బంగారు గనులున్న మండలం గుడుపల్లె. టన్ను రాయికి గ్రాముల్లో బంగారం చూసినవాళ్లకు ఈ లెక్క కొత్త కాదు.

చిత్తూరు అడవుల ఎర్రచందనానికి సుగంధం లేదు, దాని విలువ రంగులోనూ కలపలోనూ ఉంది. గంధపు నూనె ఇచ్చేది వేరే చెట్టు, శ్రీగంధం.

ఐరోపా సమాఖ్య 2003లో 26 అలర్జీ కారక సుగంధ పదార్థాల పేర్లు విడిగా ముద్రించమంది. 2023 నిబంధనతో ఆ జాబితా 80 దాటింది. పూల వాసనల్లో విరివిగా వాడిన లిలియల్‌ను 2022 మార్చి నుంచి సౌందర్య సాధనాల్లో నిషేధించారు.

గురువారం రాత్రి ఈ కాపీ దిద్దుతున్నాను. గుడుపల్లెలో కాగితంలో చుట్టి తెచ్చుకున్న మొగ్గలు బల్ల మీదే ఉన్నాయి. ఎనిమిదిన్నరకు రెండు విచ్చాయి.